కిడ్నీ రోగుల రక్తపరీక్షకు బాట వేసిన మన తెలుగు డాక్టర్.. ఎవరో తెలుసా?

కర్నూలు, కడపల్లో డయాలసిస్ చేయించుకునే వాళ్లకు ఫాస్ఫరస్ పరీక్ష కొత్తేమీ కాదు. షుగర్ ముదిరి కిడ్నీలు దెబ్బతింటే ఫాస్ఫరస్ బయటకు పోదు, రక్తంలోనే పేరుకుపోతుంది. ఎముకలు బలహీనపడతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. దాన్ని రక్తంలో కచ్చితంగా కొలిచే పద్ధతికి బాట వేసినవారిలో ఒకరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ వ్యాధితో సోదరుడిని పోగొట్టుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు. 1923లో అమెరికా వెళ్లి, ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేస్తూ చదివారు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ పరీక్షను ప్రకటించారు. రక్తంలో మందు కలిపాక వచ్చే నీలి రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. దశాబ్దాల పాటు ల్యాబులకు అదే ఆధారమైంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, ఆరియోమైసిన్ వంటి మందుల వెనుక ఉన్నది ఆయన బృందమే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈసారి ల్యాబ్ రిపోర్టులో ఫాస్ఫరస్ అంకె కనిపిస్తే, ఆ భీమవరం కుర్రాడిని ఒక్కసారి తలుచుకోండి.