దారి మారినప్పుడు తోడు నిలిచేదెవరు?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఉప్పల్, నాచారం సంఘాల్లో తరచూ వినబడే మనవి ఒకటుంది. ఉద్యోగం విషయంలో దేవుని నడిపింపు కోసం ప్రార్థించమని. చీటీ మీద ఉండేది ఒక్క వాక్యమే. దాని వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో చదివేవారికి తెలియదు, వినేవారికీ తెలియదు. నాచారం పారిశ్రామికవాడలో పదిహేనేళ్లు ఒకే మెషీన్ దగ్గర నిలబడి పనిచేసిన సోదరుడు ఆ యూనిట్ మూతపడగానే నలభై ఏళ్ల వయసులో కొత్త పని వెతుక్కోవాలి. చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే సోదరి నర్సింగు నేర్చుకోవాలనుకుంటుంది, కానీ ఇంట్లో ఎలా అడగాలో తెలియదు. మంచి జీతం తెచ్చుకుంటున్న యువకుడికి సేవలోకి వెళ్లాలన్న భారం కలుగుతుంది, కానీ బ్యాంకు వాయిదా ఇంకా పన్నెండేళ్లుంది. మనం వాళ్ల చీటీ విని ఆమేన్ అంటాం. వెంటనే తర్వాతి చీటీ చదువుతారు. ఆరాధన ముగిశాక చెప్పులేసుకుని ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం.

సగం జీవితం నడిచాక దారి మార్చుకోవడం అంత తేలికా? దేవుడు పిలుస్తున్నాడని ఎలా తెలుస్తుంది? తెలిసినా, తోడెవరు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే ఒక జీవితం మనకు మరీ దూరంలో లేదు. మన పక్కనున్న చర్లపల్లి మీదుగా కాజీపేట వైపు వెళ్లే రైలెక్కితే వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఆ ఊళ్లో ఒక పెద్ద దేవాలయం, దాని ఆవరణలో ఒక సమాధి ఉన్నాయి. అక్కడ విశ్రమిస్తున్నది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడిగా ఆయన పేరు మనకు తెలుసు. అయితే ఆయన డోర్నకల్ మనిషి కారు, తెలుగువారూ కారు. మొదటినుంచీ పాదిరిగా పనిచేసినవారూ కారు. ఒక మంచి ఉద్యోగం వదులుకుని 35వ ఏట కొత్త దారి పట్టినవారు.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘ కాపరి. 1889లో తండ్రి కన్నుమూసేనాటికి అజరయ్యకు పదిహేనేళ్లు కూడా పూర్తిగా నిండలేదు. తల్లి ఎలెన్ పెంపకంలో, మిషన్ బడుల క్రమశిక్షణలో ఎదిగి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అయితే చివరి పరీక్షల సమయంలో జబ్బుపడ్డారు. డిగ్రీ చేతికి రాలేదు. ఈరోజు మన పిల్లల్లో ఒకరికి అలా జరిగితే ఇంట్లో ఎంత దుఃఖం! ఇక బతుకు ముగిసినట్టే మాట్లాడతాం. ఆయన విషయంలో అది ముగింపు కాలేదు. 1895లో, 21 ఏళ్ల వయసులో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఉద్యోగంలో చేరారు. దక్షిణ భారతమంతా రైళ్లలో తిరుగుతూ యువకులను కలవడం, బైబిలు తరగతులు నడపడం, సభలు ఏర్పాటు చేయడం ఆయన పని. ఆ పని ఆయనకు నచ్చింది, ఆయన ఆ పనికి నప్పారు. దాదాపు 14 ఏళ్లు అందులోనే ఉన్నారు. దేశ విదేశాల నాయకులతో పరిచయాలు, పేరు, గౌరవం అన్నీ వచ్చాయి.

మరి మార్పు ఎక్కడ మొదలైంది? ఆకాశం నుంచి వినబడ్డ స్వరంతో కాదు. ఉద్యోగపు పని మీద 1902లో ఆయన శ్రీలంకలోని యాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంతంగా మిషనరీ సంఘం పెట్టుకుని తమవారిని సువార్త పనికి పంపడం చూశారు. తిరునల్వేలిలో అంతకంటే పెద్ద సంఘాలున్నాయి, తరాల విశ్వాసముంది. అయినా తమకు అలాంటిదేమీ లేదన్న సంగతి ఆయన మనసును కలచివేసింది. తిరిగొచ్చాక ఊరుకోలేదు. తన ఊరి పెద్దలతో, మిత్రులతో మాట్లాడారు. 1903 ఫిబ్రవరి 12న పాలయంకోట్టైలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. పంపేవారు భారతీయులు, వెళ్లేవారు భారతీయులు, ఖర్చయ్యే డబ్బు కూడా భారతీయులదే కావాలన్నది దాని నియమం. ఎక్కడికి పంపాలని వెతికితే నిజాం రాజ్యంలో అప్పటికి సువార్త అందని డోర్నకల్ ప్రాంతం కనబడింది. 1904లో తొలి మిషనరీ అక్కడికి చేరారు. 1905 డిసెంబరు 25న సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడూ ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకరు. చెప్పులు కుట్టే పని నుంచి బైబిలు అనువాదానికి మళ్లిన విలియం కేరీ జీవితమంతా ధారపోసిన ఊరది.

ఇక్కడ మనం ఆగి గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పనులన్నీ ఆయన ఉద్యోగంలో ఉంటూనే చేశారు. భారం కలిగిన మర్నాడే రాజీనామా చేయలేదు. 1902లో పడిన విత్తనం 1909 దాకా మట్టిలోనే ఉంది. ఆ ఏడేళ్లలో దారి సిద్ధమైంది, తోడు సిద్ధమైంది, ఆయన కూడా సిద్ధమయ్యారు. అయితే ఆ కాలమంతా ఒక ప్రశ్న ఆయన్ను వదల్లేదు. సువార్త పనికి రమ్మని ఊరూరా యువకులను పిలుస్తున్న తాను మాత్రం ఎందుకు వెళ్లకూడదు? ఇతరులకు చూపించే దారిలో తానే నడవాల్సి రావడం ఎంత భారమో పిల్లలకు బుద్ధులు చెప్పే ప్రతి తండ్రికీ తెలుసు, ప్రసంగించే ప్రతి కాపరికీ తెలుసు.

ఆ నిర్ణయంలో అజరయ్య ఒంటరిగా లేరు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ రోజుల్లోనే కళాశాల మెట్లెక్కిన అతికొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1898లో కట్నం లేకుండా జరిగిన పెళ్లి వాళ్లది. పిల్లలు ఇంకా చిన్నవాళ్లు. పట్నం సౌకర్యాలు విడిచి, భాష తెలియని అడవి ప్రాంతానికి కాపురం మార్చడానికి ఆమె సిద్ధపడకపోతే ఆ పిలుపు మద్రాసు ఇంటి గడప దాటేది కాదు. అమెరికా నుంచి వై.ఎం.సి.ఎ. పనికి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణ స్నేహితుడు. కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనలోని నాయకుణ్ణి ముందే గుర్తించి వెన్ను తట్టారు. వీళ్లందరి వెనక తిరునల్వేలి పల్లెల విశ్వాసులున్నారు. పేరు కూడా మిగలని ఆ మనుషులు తమ చిన్న సంపాదనలోంచి తీసిన కానుకలే డోర్నకల్ పనిని నిలబెట్టాయి. పిలిచింది దేవుడే, కానీ ఆ పిలుపు మోయడానికి ఎన్ని భుజాలు కలిశాయో చూడండి.

1909 జూన్ 29న అజరయ్య డీకనుగా అభిషేకం పొందారు. దేశమంతా తెలిసిన నాయకుడు సంఘ సేవలో మొదటి మెట్టు మీద నిలబడ్డారు. డోర్నకల్‌కు వెళ్లి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. పెద్ద సభల్లో అనర్గళంగా ప్రసంగించిన మనిషి పల్లెజనం ముందు మాటలు తడుముకోవాల్సిన స్థితి. ఎడ్లబండి ప్రయాణాలు, మలేరియా జ్వరాలు, మాల మాదిగ పల్లెల్లో రాత్రి కూడికలు. కొత్త పనిలో చేరిన ప్రతివాడూ పడే సిగ్గు ఒకటుంది. తనకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలి, తెలియదని ఒప్పుకోవాలి. అజరయ్య ఆ సిగ్గును దాటారు. దాటారు కాబట్టే ఆ పల్లెలు ఆయన్ను తమవాడిగా చేసుకున్నాయి.

ఆ మరుసటి ఏడు, 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ వేదిక మీద అజరయ్య మాట్లాడిన సంగతి సంఘ చరిత్రలో నిలిచిపోయింది. విదేశీ మిషనరీల త్యాగాన్ని ఆయన కొనియాడారు. వాళ్లు పంచిన ధనాన్ని, పడిన శ్రమను కాదనలేదు. అయితే వాళ్లకూ భారతీయ సేవకులకూ మధ్య స్నేహం కొరవడిందని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. తమకు అన్నిటికంటే కావలసింది స్నేహితులేనని వేడుకున్నారు. కొందరికి కోపమొచ్చింది, కొందరు తలలు దించుకున్నారు. అది చదువుకుని చెప్పిన మాట కాదు. స్నేహితుల ఆసరాతో జీవితపు దారి మార్చుకున్నవాడు అనుభవంతో చెప్పిన మాట.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అంతకుముందు వ్యతిరేకత తక్కువేమీ రాలేదు. భారతీయుడి కింద పనిచేయడం ఇష్టంలేని విదేశీయులు వద్దన్నారు, స్వదేశీ క్రైస్తవుల్లోనూ కొందరు వద్దన్నారు. ఆయన వాదనకు దిగకుండా పనిలో దిగారు. పల్లె సంఘాలకు తెలుగు కాపరులను తయారుచేశారు. కాపరులతోపాటు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇప్పించారు, ఆ పనిలో అన్బు ముందున్నారు. పేదవాడైనా దేవునికి ఇవ్వగలడని నమ్మి పిడికెడు బియ్యం, కోతకాలపు పంట కానుక తెచ్చే అలవాటును ప్రోత్సహించారు. ఆయన కాలం ముగిసేనాటికి ఆ డయోసిస్‌లో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. డోర్నకల్‌లో కట్టిన దేవాలయంలో గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ కలిశాయి. పాతికేళ్లు సాగిన ఆ కట్టడం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది.

వై.ఎం.సి.ఎ.లో గడిచిన ఆ 14 ఏళ్లు వృథా అయ్యాయా? కానేకాదు. నానా సంఘాల యువకులతో కలిసి పనిచేసిన ఆ అలవాటే 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం నాయకులను ఒకచోట కూర్చోబెట్టింది. ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆ రోజును అజరయ్య చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దేవుని చేతిలో పాత పనితనం ఎప్పుడూ చెత్తబుట్టకు పోదు. మెషీన్ దగ్గర నేర్చుకున్న ఓపిక, తరగతి గదిలో నేర్చుకున్న మాటతీరు కొత్త చోట తప్పక పనికొస్తాయి.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అజరయ్య తానుగా దారి మార్చుకున్నారు. మూతపడిన ఫ్యాక్టరీ గేటు బయట నిలబడ్డ సోదరునికి ఆ స్వేచ్ఛ లేదు. దేవుడు ఏదో మేలు చేస్తాడులే అని అతనికి చెప్పి చేతులు దులుపుకోవడం విశ్వాసం కాదు. సౌలు మారాడంటే యెరూషలేములో ఎవరూ నమ్మనప్పుడు బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు (అపొ.కా. 9:26, 27). కొత్తగా కొరింథుకు వచ్చిన పౌలుకు అకుల, ప్రిస్కిల్ల తమ ఇంట్లో చోటిచ్చారు, డేరాలు కుట్టే పనిలో కలుపుకున్నారు (అపొ.కా. 18:1-3). బర్నబా చేసినది పరిచయం చేయడం, అకుల దంపతులు చేసినది చోటివ్వడం. రెండూ మన చేతిలో ఉన్నవే.

దారి మార్చుకోవాలనుకునేవారు అజరయ్య దగ్గర నేర్చుకోవాల్సింది తొందరపడకపోవడం, ఉన్న పనిలో ఉంటూనే కొత్తదాన్ని పరీక్షించుకోవడం, భార్యాభర్తలు ఒక్క మనసు కావడం, మొదటి మెట్టు మీద నిలబడడానికి సిగ్గుపడకపోవడం. మరి సంఘంగా మనం నేర్చుకోవాల్సింది? తిరునల్వేలి పల్లెలు చేసిందే. వచ్చే ఆదివారం ఉద్యోగం కోసం మనవి చీటీ చదివినప్పుడు ఆమేన్ అని ఊరుకోవద్దు. ఆరాధన అయ్యాక ఆ చీటీ రాసిన మనిషి దగ్గరికి వెళ్దాం. ఏ పని తెలుసో, ఏం నేర్చుకోవాలనుందో అడుగుదాం. ఉప్పల్‌లోనో హబ్సిగూడలోనో మనకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే వెంటబెట్టుకుని వెళ్దాం. నేర్చుకునే ఆ నాలుగు నెలలు పిల్లల ఫీజుకో ఇంటి బియ్యానికో నలుగురం చేయి వేద్దాం. ఉద్యోగం పోయిందని చెప్పడానికి సిగ్గుపడి మందిరానికి రావడం మానేసినవారుంటే ఇంటికే వెళ్లి తలుపు తడదాం.

దేవుని నడిపింపు చాలాసార్లు ఒక స్నేహితుని చేయి రూపంలో వస్తుంది. మనం ఆ చేయి అవుదాం. దారి వెతుకుతున్న ప్రతి ఒక్కరికీ ప్రభువు వెలుగునూ, ఆ దారిలో తోడు నడిచే కృపను మనకూ అనుగ్రహించు గాక!