నీటిరంగుల సాధకుడు అడివి బాపిరాజు

'నారాయణరావు', 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' నవలల కర్తగా అడివి బాపిరాజు గారిని ఎరుగని తెలుగు పాఠకుడు అరుదు. చిత్రకళను వృత్తిగా గాక ప్రీతితో చేపట్టి, జీవితాంతం సాధన చేసిన చిత్రకారుడుగా వారిని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. విద్యార్థులు ప్రధానంగా తెలుసుకోదగినది వారి జీవితంలోని ఈ రెండవ పార్శ్వమే.

బాపిరాజు గారు 1895 అక్టోబరు 8వ తేదీన భీమవరం సమీపంలోని సరిపల్లెలో జన్మించారు. ఉన్నత విద్యకై రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో చేరడం వారి జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఆ కళాశాల అధ్యక్షులు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా నీటిరంగుల చిత్రకారులు. ఆయన పాలనాభారం వహిస్తూనే తీరిక వేళల్లో కుంచె పట్టేవారు. అభిరుచి గల విద్యార్థులను చేరదీసి ప్రోత్సహించేవారు. దామెర్ల రామారావు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు గార్లు కూడా ఆ నీడలో ఎదిగినవారే. ఉద్యోగధర్మానికి లోపం రానీయకుండా కళను ఉపాసించవచ్చునని బాపిరాజు గారికి తెలియజెప్పిన మొదటి నిదర్శనం ఆ గురువు గారి జీవితమే.

సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని కారాగారవాసం అనుభవించిన అనంతరం, బాపిరాజు గారు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారి వద్ద శిష్యరికం చేశారు. వంగదేశంలో అవనీంద్రనాథ్ ఠాకూర్ గారు నెలకొల్పిన చిత్రణ సంప్రదాయం ఆ విధంగా తెలుగునాట ప్రవేశించింది. మైసూరు సీమకు చెందిన కె. వెంకటప్ప గారు కలకత్తా వెళ్ళి అభ్యసించినదీ ఈ సంప్రదాయమే. బెంగళూరులోని చిత్రశాల ఒకటి నేటికీ ఆయన పేరును నిలుపుతున్నది.

ఈ పద్ధతి ఓర్పుకు పరీక్ష. దళసరి కాగితంపై సన్నని గీతలతో రూపం దిద్ది, పలుచని రంగు పూసి, ఆరనిచ్చి, కాగితాన్ని నీటిలో తడపాలి. పట్టు లేని రంగు నీటిలో కలిసిపోతుంది. కాగితంలో ఇంకినది నిలుస్తుంది. దానిపై మరల రంగు వేయాలి, మరల తడపాలి. ఇట్లు పలుమారులు చేసిన పిమ్మట గాని చిత్రానికి మంచుతెర వంటి మార్దవం రాదు. నీటిరంగులలో తెలుపు అంటే కాగితపు తెలుపే. దానిని మొదటినుండి కాపాడుకొనవలసినదే గాని, పోగొట్టుకొన్న తరువాత తిరిగి పొందడం కష్టం. తొందరపాటుకు ఇక్కడ తావు లేదు.

తరువాతి కాలంలో బాపిరాజు గారు న్యాయశాస్త్ర పట్టభద్రులై కొంతకాలం న్యాయవాద వృత్తిలో ఉన్నారు. ఆ వృత్తిని విడిచి, బందరు జాతీయ కళాశాల బాధ్యతలను స్వీకరించారు. 'అనసూయ', 'ధ్రువ విజయం', 'మీరాబాయి' చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. 1944 నుండి 1947 వరకు హైదరాబాదులో 'మీజాన్' దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. వృత్తులు మారినవి, ఊళ్ళు మారినవి. కుంచె మాత్రం చేయి విడువలేదు. 'సముద్రగుప్తుడు', 'తిక్కన' వంటి చిత్రాలు వారికి పేరు తెచ్చినవి. తాను నేర్చినది తనతోనే అంతరించరాదని గుంటూరులో చిత్రకళాభ్యాసానికి ఏర్పాటు గావించారు. జీవితం చివరి దశలో సైతం, మద్రాసు ప్రభుత్వ కోరికపై సింహళంలోని సిగిరియ కుడ్యచిత్రాలకు ప్రతికృతులు రచించారు. పేరుపొందిన చిత్రకారుడు ప్రాచీన శిల్పుల రేఖలను విద్యార్థివలె అనుసరించి గీయడం వారి వినయానికి నిదర్శనం.

చిత్రకళ వారి నవలలనూ సుసంపన్నం చేసింది. 'హిమబిందు'లోని శాతవాహనుల నాటి వేషభూషలను, నగరశోభను చదివేవారికి, రంగుల మేళవింపు ఎరిగిన కన్ను వాటిని చూసిందని తోచక మానదు.

1952 సెప్టెంబరు 22వ తేదీన, తమ 57వ ఏట, బాపిరాజు గారు మద్రాసులో పరమపదించారు.

కన్నడసీమలో తెలుగు చదువుకొంటున్న దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల బాలబాలికలకు ఈ జీవితం దూరపు కథ కాదు. చిత్రలేఖనం పరీక్షకు రాని విషయమని త్రోసివేయడం అంతటా కనిపించేదే. బాపిరాజు గారికి కూడా అది ఏ పట్టానూ తెచ్చిపెట్టలేదు. వారి చూపుకు మాత్రం పదునుపెట్టింది. ఒక రంగుల పెట్టె, ఒక కుంచె, ఒక గిన్నెడు నీరు ఉంటే ఆ సాధన ఏ పల్లెలోనైనా ఆరంభం కాగలదు. మొదటి పూత ఆరేవరకు వేచి ఉండగల ఓర్పును అలవరచుకొన్న బిడ్డకు తరువాతి పాఠాలను ఆ సాధనయే నేర్పుతుంది.