విశ్రాంతోపాధ్యాయుల ఆత్మబంధువు: ఎతెల్ పర్సీ ఆండ్రసుగారు

పాఠశాల విడిచిన బాలుని గూర్చి లోకము విచారించును. వాడు ఏ పరీక్షయందు కృతార్థుడయ్యెను, ఎచ్చట కుదిరెను, ఎంత సంపాదించుచున్నాడు అని బంధువులును ఇరుగుపొరుగువారును అడుగుచునేయుందురు. పాఠశాల విడిచిన ఉపాధ్యాయుడు ఏమయ్యెనని అడుగువారు మాత్రము అరుదు. అమెరికా దేశమున ఒక ఉపాధ్యాయిని ఈ ప్రశ్న నడిగి, దాని ప్రత్యుత్తరమును తన కన్నులార చూచి, శేషజీవితమును దానికే ధారపోసిరి. వారి చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచ్చట సంగ్రహముగా తెలుపనెంచితిమి.

ఎతెల్ పర్సీ ఆండ్రసుగారు 19వ శతాబ్దపు చివరి భాగమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించిరి. తండ్రి న్యాయవాది. వీరి శైశవమందే కుటుంబము షికాగో నగరమునకు తరలిపోయెను. వీరు 1903వ సంవత్సరమున షికాగో విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, ఆ నగరమందే బోధకవృత్తి నవలంబించిరి. ఆ కాలమున జేన్ ఆడమ్సుగారు బీదలకొరకును, పరదేశములనుండి వచ్చి చేరిన కూలివారికొరకును హల్ హౌస్ అను సేవాగృహమును నడుపుచుండిరి. ఆండ్రసుగారు బోధన ముగిసిన పిదప తీరిక వేళలందు ఆ గృహమునకు పోయి వేతనము లేకయే పనిచేసిరి. తరగతి గది గోడలతోనే ఉపాధ్యాయుని పని ముగియదని వారచ్చట నేర్చుకొనిరి.

1910వ సంవత్సరమున కుటుంబముతో కాలిఫోర్నియాకు తిరిగివచ్చి, లాస్ ఏంజిలిస్ నగరమున బోధించుచుండగా, 1916వ సంవత్సరమున ఆ నగరపు తూర్పుభాగమందలి హైస్కూలునకు ప్రధానోపాధ్యాయినిగా నియమింపబడిరి. ఆ రాష్ట్రమున అట్టి పెద్ద హైస్కూలునకు స్త్రీ అధిపతి యగుట నాటికి క్రొత్త సంగతి. తరువాత లింకనుగారి పేర ప్రసిద్ధినొందిన ఆ పాఠశాలలో పలు జాతులవారి, పలు భాషలవారి పిల్లలు చదువుచుండిరి. పేదరికము మెండు, బాలనేరములును మెండు. ఆండ్రసుగారు పిల్లలను దండించుటతో తృప్తినొందక, వారి తలిదండ్రులకు సాయంకాలపు తరగతులు ఏర్పరచిరి. మన సిరిసిల్ల ప్రాంతమున పగలెల్ల మగ్గముల యొద్ద శ్రమించు తలిదండ్రులకు సాయంకాలమున బడి తలుపులు తెరచినచో ఎట్లుండునో, అది అట్టి యేర్పాటు. పాలన నడుపుచునే చదువు సాగించి, 1930వ సంవత్సరమున దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గూడ బడసిరి. ఇట్లు 28 సంవత్సరములు గడచెను.

1944వ సంవత్సరమున తల్లి జబ్బుపడగా, ఆమెకు పరిచర్య చేయుటకై ఆండ్రసుగారు ఉద్యోగము మానుకొనిరి. అన్ని సంవత్సరముల సేవకు వారికి వచ్చిన పెన్షను నెలకు 60 డాలర్లకు కొంచెము పైమాట. వారికి కుటుంబపు ఆధారము కలదు గనుక కష్టము కలుగలేదు. అట్టి ఆధారము లేనివారి గతి యేమని వారి మనస్సు అడిగెను. తల్లి కోలుకొనిన పిమ్మట, కాలిఫోర్నియా విశ్రాంతోపాధ్యాయుల సంఘమున సంక్షేమ విచారణ భారమును వహించిరి.

ఆ పనిలోనుండగా ఒకనాడు, దీనస్థితిలోనున్న ఒక వృద్ధురాలి జాడ తెలిసి ఆమెను వెదకుచు పోయిరి. వృద్ధురాలు ఇంటిలో లేదు. ఆ యింటి వెనుకనున్న కోళ్ళగూటిలో కాపురముండెను. ఆమె ఒకప్పుడు పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని! వచ్చు స్వల్ప పెన్షను అద్దె యింటికిని వైద్యమునకును చాలక ఆమె ఆ గూటిని ఆశ్రయించెను. ఆండ్రసుగారు ఆ దృశ్యమును ఎన్నడును మరువలేదు. ఒక్కరికి సాయము చేసి తృప్తినొందుట సులభము. అట్టివారు దేశమంతట ఎందరుందురోయని యోచించి, 1947వ సంవత్సరమున జాతీయ విశ్రాంతోపాధ్యాయ సంఘమును స్థాపించిరి.

సంఘము ముందుగా పెన్షనుల పెంపునకై పాటుపడెను. పిమ్మట వైద్యపు భీమాను గూర్చి పోరాడెను. ఆ దినములలో 65 సంవత్సరములు దాటినవారికి అట్టి భీమా దొరకుట దుర్లభము. ముసలివారికి రోగము తప్పదు గనుక తమకు నష్టమే మిగులునని భీమా కంపెనీలవారి వాదము. ఒక్కొక్కరికి వేరుగా భీమా ఇచ్చినచో ఆ భయము నిజము కావచ్చును. వేలాదిమంది ఒక్క గుంపుగా చేరి తలకొక కొంచెము చెల్లించినచో, ఆరోగ్యవంతుల సొమ్ము రోగులకు ఆదుకొనును. కంపెనీకిని నష్టము రాదు. ఇదియే ఆండ్రసుగారి లెక్క. ఈ లెక్కను పట్టుకొని వారు 40కి పైగా కంపెనీల గడపలు త్రొక్కిరి. అందరును లేదనిరి. తుదకు న్యూయార్కు రాష్ట్రమున లెనార్డ్ డేవిస్ అను భీమా వర్తకుని సాయమున 1956వ సంవత్సరమున ఆ పని నెరవేరెను.

సంఘపు కార్యములు నానాట వృద్ధిచెందెను. 1954వ సంవత్సరమున ఓహై అను ఊర విశ్రాంతోపాధ్యాయులు నివసించుటకు గ్రే గేబుల్స్ అను గృహమును నెలకొల్పిరి. 1959వ సంవత్సరమున మందులను తక్కువ వెలకు తపాలా ద్వారమున పంపు ఏర్పాటు జరిగెను. ఉపాధ్యాయులు కానివారును తమకీ సాయము కావలెనని కోరగా, 1958వ సంవత్సరమున సకల వృత్తుల విశ్రాంతులకొరకు మరియొక సంఘమును స్థాపించి, దానికొక పత్రికను గూడ నడిపిరి. సేవ చేయించుకొనుటకు గాక సేవ చేయుటకే మన ప్రభువు వచ్చెనని సువార్త బోధించుచున్నది గదా. ఆ భావమునే ఆండ్రసుగారు తమ సంఘమునకు ధ్యేయముగా నుంచిరి. వృద్ధులు జాలికి పాత్రులై కూర్చుండరాదనియు, తమ అనుభవమును ఊరికి ఉపయోగపరుపవలెననియు వారు కోరిరి.

1965వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వమే వృద్ధుల వైద్యపు భీమాకు శాసనము చేసెను. మరి రెండు సంవత్సరములకు, 1967వ సంవత్సరము జూలై 13వ తేదీన, ఆండ్రసుగారు పరమపదించిరి. తరువాతి కాలమున, సంఘమునకును భీమా వ్యాపారమునకును గల సంబంధము మితిమీరినదని ఆ దేశమున విమర్శలు బయలుదేరి, ఆ కట్టుబాటు మార్పబడెను. సేవకొరకు పుట్టిన సంఘములు సొమ్ము చేరినకొలది మెలకువతో నుండవలెనని దీనివలన తెలియుచున్నది. అయినను కోళ్ళగూటి యెదుట నిలిచిన నాటి సంకల్పమునకు కళంకము లేదు.

మన దేశమున గూడ ఈ ప్రశ్న పాతబడలేదు. పెన్షను యజమాని దయతో ఇచ్చు దానము గాదనియు, చేసిన సేవవలన కలిగిన హక్కనియు మన సర్వోన్నత న్యాయస్థానము 1982వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన నకారాగారి వ్యాజ్యెమున తీర్పు చెప్పెను. అందువలననే ఆ దినమును పెన్షనర్ల దినముగా జరుపుకొనుచున్నారు. 2004వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ మొదలు మన రాష్ట్రమున నియమింపబడిన ప్రభుత్వోద్యోగులను పాత పెన్షను విధానమునుండి తప్పించి, జీతమునుండి చందా చెల్లించు విధానమున చేర్చిరి. ప్రైవేటు పాఠశాలలలో జీవితమెల్ల గడపి, ఏ పెన్షనును లేక ఇల్లు చేరిన ఉపాధ్యాయులును పెక్కురు కలరు.

ప్రియ విద్యార్థులారా! శాసనములు చేయుట మీ చేతిలో లేదు. మీ ఊర ముసలి పంతులుగారి యిల్లు మాత్రము మీరెరుగుదురు. ఎల్లంతకుంటనుండి వేసవి సెలవులకు పోవునపుడు ఆ గడప త్రొక్కి, పంతులుగారు ఎట్లున్నారో అడుగుడు. పెన్షను పొందువారు తాము జీవించియున్నట్లు ఏటేట ధ్రువపత్రము నిచ్చుకొనవలెను. ఇప్పుడది సెల్‌ఫోనులోనే ఇయ్యవచ్చును గాని, చూపు మందగించిన వృద్ధులకు అది కష్టము. మీకు క్షణకాలపు పని. మందుల చీటి చదివిపెట్టుట, ఆసుపత్రికి తోడుపోవుట గూడ అట్టివే. తలిదండ్రులును తమకు చదువు చెప్పినవారిని తలచుకొని పిల్లలకు దారి చూపుదురుగాక. ఆండ్రసుగారి మహత్కార్యము ఒక తలుపు తట్టుటతోనే మొదలైనది.