రాగిరేకులకు గళమిచ్చిన రాళ్ళపల్లివారు

తాళ్ళపాక అన్నమాచార్యులవారి సంకీర్తనలు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలపాటు నిదురించాయి. వెలికి వచ్చిన రాగిరేకులపై సాహిత్యమున్నది, రాగం పేరున్నది. స్వరం మాత్రం లేదు. పాడే పరంపర చాలవరకు తెగిపోయినందున ఆ పాటలు చదువుకొనుటకే మిగిలాయి.

వాటికి గళమిచ్చిన మహనీయులలో అగ్రగణ్యులు శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో జన్మించి, బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతమభ్యసించి, మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలం తెలుగు బోధించారు. విశ్రాంతి కోరదగిన వయస్సులో తిరుపతి చేరి, శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో సంకీర్తనల పరిష్కరణకు పూనుకొన్నారు. భావానికి తగిన వరుసలు కూర్చి, స్వరసహితంగా ప్రకటించారు.

తాము కూర్చిన వరుసలను శర్మగారు తమ వద్దనే దాచుకొనలేదు. స్వరలిపి చేతికందగానే విద్వాంసులు వాటిని కచేరీలకెక్కించారు, గురువులు శిష్యులకు నేర్పారు. ఆకాశవాణి, రికార్డులు, క్యాసెట్లు అన్నమయ్య పాటను ఇల్లిల్లూ చేర్చాయి.

1974లో మద్రాసు సంగీత అకాడమీ వారిని సంగీత కళానిధిగా గౌరవించింది. 1979 మార్చి 11న వారు పరమపదించారు. శ్రీనివాసుని సన్నిధిని మూగవోయిన పాట నేడు భక్తుల నోట పలుకుటయే వారి కైంకర్యఫలం.