ఎగుడుదిగుడు అయస్కాంతాన్ని చదును చేసిన ఇంజనీరు

ఈ నెల పరిచయం చేస్తున్న శాస్త్రవేత్త మార్సెల్ గోలే. మన కిష్టారెడ్డిపేట నుంచి పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీల ల్యాబులకు వెళ్లే వారికి ఆయన పని రోజూ పరిచయమే.

గోలే 1902లో స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో పుట్టారు. జ్యూరిచ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి బెల్ ల్యాబ్స్‌లో చేరారు. తర్వాత ఉద్యోగం వదిలి మళ్లీ విద్యార్థి అయ్యారు. 1931లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. చాలా ఏళ్లు అమెరికా సైన్యం సిగ్నల్ విభాగంలో పనిచేశారు. 1949లో ఆయన ప్రకటించిన గోలే కోడ్ 24 బిట్లలో 3 తప్పు వచ్చినా సరిదిద్దగలదు. వాయేజర్ నౌకలు గురు, శని గ్రహాల రంగు చిత్రాలను పంపింది ఆ కోడ్‌తోనే.

యాభై దాటాక ఆయన కెమిస్ట్రీ వైపు వచ్చారు. గ్యాస్ క్రొమటోగ్రఫీలో వాడే సన్నని కేపిలరీ కాలమ్ ఆయన ఆలోచనే. మందులో మిగిలిపోయిన ద్రావకాలను ల్యాబులు నేడు పట్టుకునేది దానితోనే.

1958లోనే ఆయన మరో చిక్కు విప్పారు. అణుకేంద్రకాల సంకేతాలు స్పష్టంగా రావాలంటే అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. అప్పట్లో పలుచని లోహపు ముక్కలు పెట్టి సరిచేసేవారు. గోలే ప్రత్యేకమైన తీగచుట్టలను లెక్కగట్టారు. ఒక్కో చుట్టలో కొద్దిపాటి కరెంటు పంపితే, అది ఒక్కో రకం హెచ్చుతగ్గును సరిచేస్తుంది. ఒకటి చేసిన పనిని మరొకటి చెడగొట్టదు. అదే అసలు గొప్ప.

ఆ ఆలోచనే తర్వాత ఎంఆర్ఐలోనూ ఉపయోగపడింది. మెదడు జబ్బుల మందులను మనుషులకంటే ముందు ఎలుకల మీద పరీక్షిస్తారు. ఎలుక పిల్లంత జంతువు మెదడు అర గ్రాము కూడా ఉండదు. పక్కనే చెవుల్లో గాలి గదులుంటాయి. గాలి, కండ అయస్కాంతానికి వేర్వేరుగా స్పందిస్తాయి కాబట్టి అక్కడ క్షేత్రం చెదిరి, బొమ్మ వంకరపోతుంది. అందుకే స్కాన్‌కు ముందు ఒక్కో జంతువుకూ ఆ కరెంట్లను విడిగా సర్దుతారు.

గోలే 1989లో కన్నుమూశారు.

పదో తరగతి తర్వాత ఎంపీసీనా, బైపీసీనా అని ఎన్నో ఇళ్లలో ఆందోళన. ఎంచుకోక తప్పదు, నిజమే. అదే జీవితంలో చివరి మలుపు అని మాత్రం పిల్లలతో అనకండి. ముప్పైకి చేరువలో భౌతికశాస్త్రానికి, యాభై దాటాక కెమిస్ట్రీకి మారిన గోలే, వెనకటి చదువును ఎక్కడా వదిలేయలేదు. ఇంజనీరింగ్ లెక్కలే చివరిదాకా ఆయనకు అక్కరకొచ్చాయి.