గిడుగు వారు, నా ఇరవై లైన్ల స్క్రిప్టు

ఆగస్టు 29 రాగానే మన గ్రూపులో అందరూ గిడుగు వారి ఫొటో పెడతారు. నేనూ పెట్టేవాణ్ణి. ఆయన గురించి సరిగ్గా చదివింది మాత్రం ఈ మధ్యే, అదీ పెర్ల్ పుణ్యమా అని.

ల్యాబ్ ఫైళ్ల పేర్లు మార్చడానికి నా కోసం పైథాన్‌లో ఇరవై లైన్ల స్క్రిప్టు రాసుకున్నా. టెర్మినల్‌లో ఒక్క కమాండ్ కొడితే పని అయిపోతుంది. ఇలాంటి చిల్లర పనుల కోసం 1987లో పెర్ల్ తెచ్చిన లారీ వాల్ చదివింది లింగ్విస్టిక్స్ అట. లిపి లేని భాష ఒకటి వెతికి, దానికి రాత తయారుచేద్దామనుకున్నాడట. ఆ పని మా శ్రీకాకుళపాయన దాదాపు వందేళ్ల ముందే మొదలెట్టేశారు!

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ ఆయన క్లాస్‌మేట్. 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. ముఖలింగం గుడిలో శాసనాలు చూసి, నేర్పేవాళ్లు లేకపోయినా పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు చదవడం నేర్చేసుకున్నారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలుండేవారు. వాళ్ల భాష నేర్చుకుందామంటే పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. అక్కడితో ఆగలేదు. పాఠాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. విని భాష నేర్చుకునే మనిషికి చెవులే పోయాయి! అయినా సవర వ్యాకరణం 1931లో, ఇంగ్లీష్-సవర నిఘంటువు 1933లో తెచ్చారు.

తెలుగు పాఠాలు కూడా జనం మాట్లాడే భాషలోనే ఉండాలని 1940లో పోయేదాకా పండితులతో పోరాడారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

ఇదంతా చదివాక పక్కకి చూస్తే, మా రూమ్మేట్ ఇంకా ఒక్కో ఫైలుకీ చేత్తో పేరు మారుస్తున్నాడు. నా స్క్రిప్టేమో నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కొంచెం సిగ్గేసింది. ఆ రాత్రే హాస్టల్ గ్రూపులో పెట్టేశా. ఎలా రన్ చెయ్యాలో పైన తెలుగులోనే రాశా, మనం మాట్లాడుకునే తెలుగులో.