ఆ మాత్ర వెనుక ఓ ఇల్లాలు

మా పుట్టిల్లు సూర్యాపేట. మెట్టినిల్లు మిర్యాలగూడ. మా పెద్దాడబిడ్డను ఇచ్చింది కోదాడలో. ఈ మూడూళ్లలో ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ముచ్చట. ఎవరి పిల్లాడికి వీసా వచ్చింది, ఎవరు సాగర్ ఎడమ కాలువ కింది పొలం అమ్మారు అని. మా ఆడబిడ్డ కొడుకు కూడా ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాడు. అందుకోసం రెండెకరాలు అమ్మారు. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. కోడలికి అప్పుడు ఐదో నెల.

ప్రయాణం ముందు రోజు బంధువులందరం కోదాడలో కలిశాం. భోజనాలయ్యాక పెద్దాయన ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎత్తుకున్నారు. పేదింట్లో పుట్టి, అమెరికా వెళ్లి, లోకానికే మందులిచ్చాడు, నువ్వూ అలా పైకి రావాలిరా అని దీవించారు. అందరూ తలలూపారు. కోడలు మాత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర మింగుతోంది. పెద్దాయన చెప్పింది సగం కథే. మిగతా సగం ఆ పిల్ల చేతిలో ఉంది. అది ఇవాళ మీకు చెప్పాలనిపించింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఉద్యోగం మానేశారు. ఇంటి బరువంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడేళ్లప్పుడు కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు వదిలి పారిపోబోయాడు. తల్లి పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. ఒంటి మీది బంగారం అమ్మి చదివించింది. మూడోసారికి గానీ మెట్రిక్ గట్టెక్కలేదు.

మద్రాసులో చదివే రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. మఠం వాళ్లు తల్లి అనుమతి కావాలన్నారు. వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. దాంతో డాక్టరీ చదువులో చేరారు. ఆ చదువుకు సాయం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరినే 1919లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి ఆమె చిన్నపిల్ల. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఆయనకు ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాయే దక్కింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బు ఇంట్లోకి వచ్చింది. తిన్నది ఒంటబట్టక, నీళ్ల విరేచనాలతో మనిషి ఎండిపోయే రోగం అది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో పోయారు. ఒకే ఇంట్లోంచి రెండు పాడెలు లేస్తే ఆ తల్లి ఎలా తట్టుకుందో! అలాంటి రోగాలకు మందు కనుక్కోవాలన్న పట్టుదల సుబ్బారావు గారిని అమెరికా వైపు నడిపించింది. మామగారూ, దాతలూ డబ్బు సర్దితే 1922లో బోస్టన్ చేరారు. చదువు కాగానే వస్తానని శేషగిరి గారికి చెప్పి వెళ్లారు. మళ్లీ రాలేదు.

అక్కడ ఆయనకేమీ పూలబాట పరవలేదు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టిన వాళ్లలో ఆయనొకరు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందయింది. గర్భిణుల రక్తహీనతకూ అదే మందు. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆ బృందం ఇచ్చిందే. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఎన్నో సూక్ష్మజీవుల మీద పనిచేసే మందు అది.

ఇక శేషగిరి గారి సంగతి. భర్త సముద్రం దాటాక ఆమెకు మగబిడ్డ పుట్టాడు. ఏడాదైనా నిండకుండానే చర్మానికి సోకిన సూక్ష్మజీవుల జబ్బుతో పోయాడు. తండ్రి ఆ బిడ్డను కళ్లతో చూడనే లేదు. అలాంటి జబ్బులను తగ్గించే మందు ఆ తండ్రి ప్రయోగశాలలోంచే పాతికేళ్లకు వచ్చింది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. భార్యాభర్తలు మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.

తప్పంతా ఆయనదేనని నేననను. 1917 నాటి చట్టంతో అమెరికా మనవాళ్ల వలసకు తలుపు మూసేసింది. చదువుకునేవాళ్లకు సందుంది గానీ ఇల్లాలిని తీసుకెళ్లి కాపురం పెట్టడం అంత తేలిక కాదు. 1946లో పౌరసత్వానికి దారి తెరిచినా ఆయన తీసుకోలేదు. ఇల్లూ వాకిలీ లేకుండా పనిలోనే బతికే మనిషిని అక్కడ మేధావి అంటారు. మన దగ్గర సన్యాసి అంటాం. మఠం తల్లినైనా అడగమంది. ప్రయోగశాల శేషగిరిని అడిగిందా? ఓర్చుకోవడం ఆడదాని వంతని ఇక్కడా ఎవరూ ఆమెను అడిగి ఉండరు.

ఆ రాత్రి ఈ సగం కథ మా ఆడబిడ్డకు, అల్లుడికి కూడా చెప్పాను. వదినె మొదట ముఖం ముడుచుకుంది. వెళ్లే పిల్లాడి ముందు ఈ ఏడుపు కథలేంటని. కాసేపటికి తనే కోడలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. తీరిక చూసుకుని పిలిపించుకుంటానన్న పిల్లాడు, బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి ఇద్దరినీ తీసుకెళ్లేలా డిపెండెంట్ వీసా ప్రయత్నం చేస్తానన్నాడు. వదినె క్యాలెండర్‌లో ఆ నెల చుట్టూ సున్నా చుట్టింది. నెల దాటితే నేనే అడుగుతా అంది. వీసా వాళ్ల చేతిలో లేకపోవచ్చు, కానీ ఆ సున్నా మాత్రం ఉంది. శేషగిరి గారికి అదీ లేదు.

మీ ఇంట్లో ఎవరైనా విమానం ఎక్కబోతుంటే సుబ్బారావు గారి కథ తప్పకుండా చెప్పండి. వెంకమ్మ గారినీ, శేషగిరి గారినీ మాత్రం వదిలేయకండి.